నడుముకు కట్టిన బెండ్లు

జహీరాబాదు చుట్టుపక్కల బావుల మీద కరెంటు మోటార్లు కొత్తగా మోగుతున్న రోజుల్లో, మోటారు మొరాయిస్తే రైతు నోట మొదట వచ్చే పేరు రేవణసిద్ధప్పది. సైకిలు వెనక పానాల సంచి కట్టుకుని ఇటు ఝరాసంగం దాకా, అటు మొగుడంపల్లి దాకా తిరిగేవాడు. మోటారు మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకుని, దాని రోగమేమిటో చెప్పేవాడు. చెప్పింది తప్పేది కాదు. తాగడు, పని దగ్గర దబాయించడు, పిలిచిన పూటే వస్తాడు. ఒక్కటే లోపం. ఇన్ని బావులు దిగిన ఆ మనిషికి ఈత రాదు.

ఈత రాకపోవడం నేరమేమీ కాదు. దాన్ని దాచుకోవడమే అతనికి పెద్ద పనైపోయింది.

తప్పు మొదట అతనిది కూడా కాదు. ఉయ్యాలలో ఉన్నప్పుడు జంగమయ్య పంచాంగం చూసి, పిల్లవాడికి పదహారేళ్ల దాకా జలగండం ఉంది, నీళ్ల దగ్గరికి పోనివ్వకండి అన్నాడు. ఆ తల్లి ఆ మాట కొంగున ముడేసుకుంది. బావి సంగతి సరే, వాన నీళ్ల గుంటలో కాలు పెట్టినా సిద్ధప్ప వీపు విమానం మోత మోగేది. ఆదివారం పూట ఈడు పిల్లలంతా బావుల నుంచి వరసగా తిరిగొచ్చేవారు. కళ్లు ఎర్రగా, జుట్టు తడిగా, నడుముల దగ్గర ఈత బెండ్లు వేలాడుతూ ఉండేవి. సిద్ధప్ప అరుగు మీద కూర్చుని వాళ్లను చూసేవాడు. ఈత గురించి అతనికి తెలిసిందల్లా అంతే, ఆ అరుగు మీద నుంచి కనపడినంత.

పదహారేళ్లు నిండాయి. గండం పోయింది, దాని జాగాలో సిగ్గు వచ్చి కూర్చుంది. మూతి మీద మీసం మొలిచినవాడు ఏడేళ్ల పిల్లల నడుమ బెండ్లు కట్టుకుని ఎలా దిగుతాడు? వచ్చే ఏడు చూద్దామనుకున్నాడు. అలా అనుకుంటూనే పెళ్లయింది, మహానంద అనే ఆడపిల్ల పుట్టింది, తల్లి కాలం చేసింది. ఈత రాదన్న సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇక ఎవరూ మిగల్లేదు. భార్య సంగమ్మకు కూడా తెలియదు.

పనిలో అది బయటపడకుండా కాపాడింది, ఆ సంగతి తనకే తెలియకుండా, వెంట తిరిగే పనివాడు నర్సింలు. మోటారు బావి లోపలి దిమ్మె మీద ఉంటుంది. నీళ్లు పీల్చే పైపు కింది కొసన ఫుట్‌వాల్వు ఉంటుంది. దాంట్లో నాచు ఇరుక్కుంటే ఎవరో ఒకరు మునిగి తీయాలి. ఆ మునగడమంతా నర్సింలే చేసేవాడు. సిద్ధప్ప మెట్ల మీద నిలబడి, "ఎడమకు తిప్పు, ఇంక జర తిప్పు" అని పెద్ద గొంతుతో చెప్పేవాడు. సగం పని నర్సింలుది, పేరంతా సిద్ధప్పది.

డెబ్బై నాలుగు ఎండాకాలంలో ఆ నర్సింలుకు ఊరి బయట ఒక ఫ్యాక్టరీలో నెల జీతం దొరికింది.

"ఇగ నీళ్లల్ల నువ్వే దిగాలె సిద్ధప్పా" అన్నాడు పోతూ పోతూ.

"దాందేముంది" అని నవ్వాడు సిద్ధప్ప. అప్పటికి ముప్పై నాలుగేళ్లు. ఇప్పుడైనా నేర్చుకోకపోతే పని పోతుంది, పనికంటే ముందు పరువు పోతుంది అనుకున్నాడు. ఎవరికీ తెలియకుండా, పాడుబడ్డ బావి ఏదైనా చూసుకుని, తనంతట తానే నేర్చుకుందామని నిర్ణయించుకున్నాడు.

దానికి నీళ్ల మీద తేల్చే వస్తువొకటి కావాలి. మొదట బొంబాయి రోడ్డు మీది పంచరు దుకాణానికి పోయాడు. కొత్త లారీ ట్యూబు మాట తలచే పని లేదు. పాతది, ఐదు అతుకులున్నది, ఎనిమిది రూపాయలన్నాడు దుకాణం అతను. పైపుల్లో కారే చోట్లు వెతకడమే బతుకైనవాడు కాబట్టి సిద్ధప్ప ట్యూబును నీళ్ల తొట్టిలో తనే ముంచి బుడగలు లెక్కపెట్టాడు. రెండు చోట్ల వస్తున్నాయి.

"ఎవరికి సాబ్? నీకు ఈతకు గిట్లనా?" అని నవ్వాడు దుకాణం అతను.

"నాకెందుకు? మా బిడ్డకు" అన్నాడు సిద్ధప్ప.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో అతనికే తెలియలేదు. కానీ వచ్చాక చాలా హాయిగా అనిపించింది. అక్కడి నుంచి ఎవరడిగినా అదే మాట. నూనె దుకాణంలో ఖాళీ డబ్బాలు చూశాడు. రెండు కలిపి నాలుగు రూపాయలు, మూతులకు మాటు వేయించాలి, అంచులు పక్కటెముకలు కోస్తాయి. ఎండిన ఆనిగెపుకాయ బుర్ర, అదే సొరబుర్ర, చూశాడు. అగ్గువే, కానీ మెట్టుకు తగిలిందంటే పగులుతుంది. ధర సంగతి అలా ఉంచండి. అసలు చిక్కు వేరే ఉంది. ట్యూబు కొంటే సైకిలుకు తగిలించుకుని బజారు నడుమ నుంచి రావాలి. డబ్బాలు కట్టుకుంటే అవి బావి గోడకు కొట్టుకుని ఊరంతటినీ పిలుస్తాయి. తొలిసారి ఈతకు దిగేవాడు వస్తువు తేలుతుందా అని చూస్తాడు. సిద్ధప్ప అది నలుగురికీ కనపడుతుందా అని చూశాడు. కథ చెబుతున్న నాకు కోపం వచ్చేది అక్కడే.

చివరికి కిత్తనార బెండు దగ్గర ఆగాడు. పొలం గట్ల మీద కంచెగా పెరిగే కిత్తనార పూసి ఎండిపోయాక నడుమ ఒక పొడుగాటి గడ మిగులుతుంది. దాన్ని మూరెడు ముక్కలుగా కోసి తాడుకు గుచ్చితే అదే బెండు. చప్పుడు చెయ్యదు, బరువుండదు, ఎవరైనా అడిగితే పొయ్యిలోకి అని చెప్పవచ్చు. పైగా పైస ఖర్చు లేదు. మొగుడంపల్లి తోవలో హనుమమ్మ పొలం గట్టు నిండా కిత్తనారే. మొగుడు పోయిన దగ్గర నుంచి ఆమె అల్లం మడీ జొన్న చేనూ ఒంటి చేత్తో చేసుకుంటోంది. యాభై దాటిన మనిషి, మాట గట్టిది, చెయ్యి పెద్దది.

"బెండ్లా? ఎవరికి?" అంది.

"మా మహానందకు."

"మంచి పని. ఆడపిల్లకు ఈత నేర్పెటోడు ఈ తాలూకాల నువ్వొక్కనివే. పైసలేందయ్యా, ఊకె తీస్కపో. ఐతవారం పిల్లను ఈడికే తోలుకరా. నా బావిల నీళ్లు మంచిగున్నయి, పోరలు గూడ ఉంటరు."

సరే చూద్దామని తప్పించుకున్నాడు. హనుమమ్మ అంత తేలికగా వదిలే మనిషా? అంగడి రోజు అల్లం అమ్ముకోవడానికి వచ్చి, నేరుగా సంగమ్మ దగ్గరికి పోయి చెప్పేసింది. సాయంత్రం సిద్ధప్ప ఇంటికొచ్చేసరికి ఏడేళ్ల మహానంద వాకిట్లో గెంతుతోంది.

"నాయినా, నాకు ఈత నేర్పిస్తవంట!"

అప్పుడైనా చెప్పవలసింది. బిడ్డా, నాకే రాదు అంటే ఆ పిల్ల ఒక పూట అలిగి ఊరుకునేది. సిద్ధప్ప తల ఊపాడు.

ఆదివారం పొద్దున పదింటికి హనుమమ్మ బావిలో నలుగురైదుగురు పిల్లలు దుంకుతున్నారు. హనుమమ్మ అవతలి ఒడ్డున మోటారు తొట్టి దగ్గర బట్టలు ఉతుకుతోంది. "కట్టి దింపు, నువ్వు పక్కన ఉండు" అని అక్కడి నుంచే కేకేసింది. సిద్ధప్ప మూడో మెట్టు మీద కూతురిని నిలబెట్టి బెండ్లు కట్టాడు. ఎక్కడ కట్టాడు? నడుముకు. చిన్నప్పుడు అరుగు మీద నుంచి చూసినట్లే, మొలతాడు కట్టినట్లు, బొడ్డు కిందికి, వదులుగా. పిల్లలు ఇంటికి వచ్చేటప్పుడు ముడి వదులు చేసుకుని కిందికి జార్చుకుంటారనీ, నీళ్లలో ఉన్నప్పుడు అవి రెక్కల కింద వీపు మీద బిగిసి ఉండాలనీ అతనికి ఎవరు చెప్పారు కనుక? ఈతను దగ్గర నుంచి చూసినవాడికి చెప్పనక్కర్లేదు. చూడనివాడు అడగలేదు.

"దుంకు బిడ్డా" అన్నాడు.

మహానంద దుంకింది. బెండ్లు జారి తుంటి మీదికి పోయాయి. నడుము పైకి లేచింది, తల కిందికి పోయింది. నీళ్ల మీద రెండు చిన్న పాదాలు కొట్టుకుంటున్నాయి. సిద్ధప్ప మోకాలి లోతు నీళ్లలో నిలబడి వాటిని చూశాడు. చెయ్యి చాచితే అందే దూరం దాటిపోయింది. ఇంకో మెట్టు దిగాలి. ఆ మెట్టు కనపడటం లేదు. కాళ్లు కదల్లేదు. అరవాలనుకున్నాడు, నోరు కూడా పెగల్లేదు.

అవతలి ఒడ్డు నుంచి హనుమమ్మ చీరతోనే దుంకింది. నాలుగు బారల్లో వచ్చి పిల్లను జుట్టు పట్టి లేపి, మెట్టు మీద బోర్లా వేసి వీపు చరిచింది. మహానంద దగ్గి, నీళ్లు కక్కి, ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు విన్నాకే సిద్ధప్పకు ఊపిరి వచ్చింది.

హనుమమ్మ బెండ్ల ముడి చేత్తో పట్టుకుని చూసింది. ఆ ముడి వంక చూసింది, సిద్ధప్ప వంక చూసింది, మోకాళ్ల పైన పొడిగా ఉన్న అతని ధోవతి వంక చూసింది. ఆమెకు అర్థమైంది. తిట్టి ఉంటే బాగుండేది. తాడు విప్పి, బెండ్లు పిల్ల వీపు మీదికి జరిపి, రెక్కల కింద బిగించి కట్టింది.

"మల్ల దిగు బిడ్డా. ఇప్పుడు దిగకపోతివా, ఇగ ఎన్నటికి దిగవు. నేనున్న" అని తనే దింపింది. మహానంద తేలింది. కాసేపటికి నవ్వింది కూడా. సిద్ధప్ప మెట్ల మీద పక్కకు తిరిగి కూర్చున్నాడు. ఎవరి మొహమూ చూసే ధైర్యం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు మహానంద సైకిలు ముందు బద్దె మీద కూర్చుంది. చిరాగ్‌పల్లి రోడ్డు కలిసే చోట, "నాయినా, నీ అంగి పొడిగున్నది" అంది.

సిద్ధప్ప తొక్కుతూనే ఉన్నాడు.

"అమ్మ అడుగుతది గద" అని, ఆ పిల్ల తడిసిన గౌను అంచు పిండి, రెండు చేతులతో నీళ్లు అతని ఛాతీ మీద రాసింది. భుజాల మీద రాసింది. అతను వద్దనలేదు. ఆపి ఉండవలసింది, సైకిలూ ఆపలేదు, పిల్లనూ ఆపలేదు.

ఇంట్లో సంగమ్మ పిల్ల మోకాలి మీద మెట్టు గీరిన గాయం చూసి ఏమైందని అడిగింది. "నేను మునిగిన. నాయిన దుంకి తీసిండు" అంది మహానంద, తండ్రి వంక చూడకుండా. సంగమ్మ పిల్లను పొదువుకుని, మొగుడికి చేతులెత్తి దండం పెట్టింది. వేడి వేడి జొన్నరొట్టె మీద ఇంట్లో ఉన్న నెయ్యంతా వేసి పెట్టింది. సిద్ధప్ప తల వంచుకుని తిన్నాడు.

ఆ తరువాత సంగమ్మ ఆ కథ చెప్పని చోటు లేదు. కుళాయి దగ్గర చెప్పింది, పెళ్లిళ్లలో చెప్పింది. "కట్టుబట్టలతోనే దుంకిండు, ఎనక ముందు చూడలె" అనేది. ఆమె మాటల్లో ఏటేటా బావి లోతు పెరుగుతూ పోయింది. అసలు సంగతి తెలిసిన హనుమమ్మ, అది అతనే చెప్పుకోవాల్సిన మాట అని ఎక్కడా బయటపెట్టలేదు. మొదట్లో సిద్ధప్ప లేచి బయటికి పోయేవాడు. తరువాత తరువాత కూర్చునేవాడు. ఒకసారి పెళ్లి పందిట్లో కొత్త చుట్టం ఒకాయన "నిజమేనా?" అని అడిగితే, "ఆ" అన్నాడు. పక్కనే వడ్డిస్తున్న మహానంద ఒక్క క్షణం ఆగి, మళ్లీ వడ్డించుకుంటూ పోయింది. ఆ పూట నుంచి కూతురితో కళ్లు కలిపి మాట్లాడటం అతనికి చేతకాలేదు.

పని ఎలా నడిచిందంటారా? సాకులతో నడిచింది. చెవిలో చీము అన్నాడు, రొమ్ము పడిశం అన్నాడు, రైతుల జీతగాళ్లనే దింపి తను మెట్ల మీద నిలబడ్డాడు. మహానంద మాత్రం ఎండాకాలం వచ్చిందంటే హనుమమ్మ బావి వదలలేదు. రోజురోజుకూ బెండును కొంత చెక్కి తగ్గిస్తూ, చివరికి బెండే లేకుండా చేసింది హనుమమ్మ. సిద్ధప్ప పిల్లను సైకిలు మీద తెచ్చి దింపి, బావికి వీపు పెట్టి గట్టు మీద కూర్చునేవాడు.

ఎనభై ఒకటిలో వానలు విరుచుకుపడ్డాయి. ఒక పొద్దున తడిసిన గొంగడి కప్పుకుని చిరాగ్‌పల్లి మాణిక్ వచ్చాడు. చెరకు వేసిన రైతు, పాత స్నేహితుడు.

"మోటరు మొత్తం మునిగింది మేస్త్రీ. కిందికి పోయి గొలుసు తగిలియ్యాలె. మా జీతగాండ్లు బావి లోతని దిగుతలేరు. నువ్వైతే బిడ్డను తీసినోనివి, నీకేం భయం?"

"ఆయనకు నీళ్లంటే భయమా? పోయొస్తడు" అంది సంగమ్మ, చాయ్ అందిస్తూ.

సిద్ధప్ప అలవాటుగా సంచి తీశాడు. చెవి సాకు తోవలో చెప్పవచ్చు అనుకున్నాడు. అంతలో లోపలి నుంచి మహానంద వచ్చింది. పద్నాలుగేళ్ల పిల్ల. జడ ముడేసుకుంది, వోణీ నడుముకు బిగించింది.

"నేను గూడ వస్త నాయినా."

"నువ్వెందుకే?" అంది తల్లి.

"ఊకెనే. పానాలు అందిస్త."

సిద్ధప్ప చాలా కాలం తరువాత కూతురి మొహంలోకి చూశాడు. ఆ పిల్ల ఏమనుకుంటోందో అక్కడ రాసిపెట్టినట్లు ఉంది. తండ్రిని ఎవరూ దిగమనకముందే తను దిగుతుంది. వరద నీళ్లు నిండిన బావిలోకి, ఈ మనిషి పరువు కోసం. ఒకసారి బిడ్డ పేరు అడ్డం పెట్టుకున్నాడు, బిడ్డ మునిగింది. ఇప్పుడు బిడ్డే తనంతట తాను అడ్డం వస్తోంది.

సంచి కింద పెట్టాడు.

"మాణిక్, నాకు ఈత రాదు" అన్నాడు.

మాణిక్ వేళాకోళం అనుకుని నవ్వాడు. సిద్ధప్ప నవ్వలేదు.

"ఎన్నడు రాలే. ఆనాడు మహానందను తీసింది హనుమమ్మ. బెండ్లు తప్పు కట్టింది నేను. పిల్ల మునుగుతుంటే మెట్టు మీద నిలవడి చూసింది నేను."

మాణిక్ చాయ్ గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"గింతేనా? ముందే చెప్తే అయిపోవు గద. మొగుడంపల్లిల ఇద్దరున్నరు, ఎంత లోతైనా దిగుతరు. తోలుకొస్త. నువ్వు మోటరు చూడు, చాలు. నాకు కావాల్సింది నీ చెయ్యి" అని, గొంగడి దులుపుకుని బయట నిలబడ్డాడు.

అంతే. పాతికేళ్లుగా పళ్ల బిగువున దాచుకున్న సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఊరి లెక్కలో అది ఏమీ కాదు. ఏమీ కాని దాని కోసం ఇంత చేశానా అని అతనికి ఇంకా ఎక్కువ సిగ్గేసింది. మాణిక్ నలుగురిలో ఉమ్మేసి పోయినా ఇంతకంటే నయంగా ఉండేది.

సంగమ్మ కూతురి వైపు తిరిగింది. "నిజమేనానే?" మహానంద తల ఊపి గోడ వైపు తిరిగి ఏడ్చింది.

"ఏడేండ్ల సంది నేను ఊరంత చెప్పుకుంట తిరుగుతుంటే పక్కన కూసోని వింటివి గద" అంది సంగమ్మ మొగుడితో. గొంతు పెంచలేదు. "ఈత రాకపోతే రాకపాయె. గింత పొల్లతోని అబద్ధం మోపిస్తివి. నీకు సిగ్గు శరం గాలేదా?"

"అయింది" అన్నాడు సిద్ధప్ప. "అందుకే మోపించిన."

ఆ వారమంతా సంగమ్మ అన్నం పెట్టింది, మాట పెట్టలేదు. సిద్ధప్ప మాణిక్ మోటారు ఎండబెట్టి, లోపలి తీగ చుట్టు మార్చి, మళ్లీ నడిపించాడు. ఆదివారం వాన తెరిపిచ్చింది. మహానందను సైకిలు మీద ఎక్కించుకుని హనుమమ్మ పొలానికి పోయాడు. ఆమెకు అరవై దగ్గరపడ్డాయి, నడుము వంగింది, మాట వంగలేదు.

"హనుమమ్మా, నాకు ఈత నేర్పాలె. లారీ ట్యూబు కొనుక్కరమ్మంటే కొనుక్కొస్త" అన్నాడు.

"ట్యూబెందుకు? అది నిన్ను మోస్తది గని నీకు నేర్పది. నీ బరువుకు నాలుగు బెండ్లు కావాలె. గట్టు మీద కోసుకరాపో" అంది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడగలేదు.

బావి గోడ మీద ఏడెనిమిది మంది పిల్లలు కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. నలభై ఒక్కేళ్ల మోటారు మేస్త్రి, నెరిసిన మీసాలతో, వీపు మీద నాలుగు బెండ్లతో, మెట్ల మీద నిలబడ్డాడు. ఒకడు కిసుక్కుమన్నాడు. తరువాత అందరూ నవ్వారు. చిన్నప్పటి నుంచి ఏ నవ్వుకైతే భయపడ్డాడో అదే నవ్వు. చెవులు మండిపోయాయి. పారిపోవాలనిపించింది. మహానంద వెనక నిలబడి ముడి వేస్తోంది.

గట్టు మీద అడుగుల చప్పుడైంది. సంగమ్మ. ఎడ్లబండి ఎక్కి వచ్చినట్లుంది, కాళ్లకు బురద. మొగుడిని పలకరించలేదు. మెట్లు దిగి వచ్చి, కూతురి చేతిలోని తాడు వంక కాసేపు చూసింది.

"ఇంక జర గట్టిగ కట్టవే. బరువు మనిషి" అంది.

మహానంద బిగించింది. సంగమ్మ వేలు పెట్టి ముడిని గుంజి చూసి, అక్కడే మెట్టు మీద కూర్చుంది. సిద్ధప్ప ఆమె వైపు తల ఎత్తలేకపోయాడు. తల ఎత్తకుండానే, అందరూ చూస్తుండగా, మెట్టు వదిలాడు.